బాప్తిస్మం మరునాడు

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున కొత్త విశ్వాసులను నిలబెట్టే పని: నూట అరవై ఏళ్ల అనుభవంపై ఒక సమీక్ష

తాలిపేరు వాగులోనో, కిన్నెరసానిలోనో, నీళ్లు తగ్గిన గోదావరి రేవులోనో ఆదివారం పొద్దున బాప్తిస్మాలు జరుగుతాయి. నడుము లోతు నీళ్లలో పాస్టరు నిలబడతారు, గట్టు మీద డప్పు, చుట్టూ పాట. గంటా గంటన్నరలో అంతా ముగుస్తుంది. తడి బట్టలు మార్చుకుని, సంఘం వాళ్లు వండిన అన్నం తిని ఎవరి ఊరికి వాళ్లు బయల్దేరతారు. అది మిరపకాయలు ఏరే కాలమైతే సోమవారం తెల్లారేసరికి వాళ్లంతా ఎవరో ఆసామి తోటలో సాళ్ల మధ్య వంగి ఉంటారు. ఆ సోమవారం నుంచి వాళ్ల మంచిచెడ్డలు చూసేదెవరు? ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవి అంచున సంఘాలు పుట్టిననాటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. ప్రతి తరమూ దానికి తన జవాబు వెతుక్కుంది.

నిన్నటిదాకా ఇలవేల్పుకు కోడిని కోసిన ఇంట్లో ఇవాళ్టి నుంచి ప్రార్థన ఎలా చేయాలి? పిల్లాడికి జ్వరమొస్తే గూడెంలో రోగం చూసే వడ్డె దగ్గరికి తీసుకుపోవాలా, వద్దా? అన్న కూతురి పెళ్లిలో సారా పోస్తే ఏం చెప్పాలి? అక్షరం రాని మనిషి వాక్యం ఎలా నేర్చుకోవాలి? ఇలాంటి వాటికి పక్కన కూర్చుని దారి చూపే మనిషి కావాలి. సభలు పెట్టడం సులువు, లెక్కలు పంపడం ఇంకా సులువు. ఈ పక్కన కూర్చునే పనికి మాత్రం ఫొటోలు రావు, అందుకే దానికి చందాలూ తక్కువే.

ఈ ప్రశ్న మన దగ్గర పుట్టినది కాదు. మూడో శతాబ్దం నాటిదిగా చెప్పే ‘అపోస్తలిక సంప్రదాయం’ అనే నియమావళి, బాప్తిస్మం కోరేవాళ్లు మూడేళ్లపాటు ఉపదేశం వినాలని చెప్పింది. గడువు ముగిశాక వాళ్లను తీసుకొచ్చిన పాత విశ్వాసిని పిలిచి అడిగేవారు: ఈ మనిషి విధవరాండ్రను ఆదరించాడా, రోగులను పరామర్శించాడా అని. కంఠస్థం చేసిన పాఠం కంటే బతికిన తీరుకే ఎక్కువ మార్కులన్నమాట. 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ ‘క్లాసు’ పద్ధతి పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడదీసి, వారానికో పెన్నీ వసూలు చేయడానికి ఒక్కో నాయకుణ్ణి పెట్టారు. డబ్బుకోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు ఎవరింట్లో ఏ గొడవుందో తెలిసొచ్చింది. వెస్లీ ఆ వసూలు ఏర్పాటునే ఆత్మీయ సంరక్షణగా మార్చేశాడు. గడప తొక్కితే గానీ మనిషి సంగతి తెలియదని ఆ అప్పే ఆయనకు నేర్పింది.

ఇక మన అడవికి వద్దాం. ఇక్కడ ఈ పని ఒక ఇంజనీరు చేతుల మీదుగా మొదలైంది. సర్ ఆర్థర్ కాటన్ కలగన్న ఎగువ గోదావరి జలమార్గం కోసం 1860ల్లో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ పనులు సాగుతున్నాయి. వాటిని పర్యవేక్షించిన సైనిక ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ చుట్టుపక్కల కోయ గూడేలను చూసి అక్కడ మిషన్ పెట్టాలని చర్చి మిషనరీ సొసైటీని కదిలించాడు. ఆ పనుల్లోనే సరుకుల సరఫరా చూసే వెంకట్రామరాజు అనే ఉద్యోగి క్రైస్తవుడయ్యాడు. కొలువు వదిలి కోయల మధ్య పనికి దిగాడు, తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. 1871లో ప్రభుత్వం జలమార్గాన్ని మధ్యలోనే వదిలేసింది. ఆనకట్ట మిగిలింది, మిషన్ కూడా మిగిలింది.

తర్వాత దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉన్న మిషనరీ జాన్ కెయిన్. ఆయన ప్రసంగాల కంటే రాతలు ఎక్కువ కాలం నిలిచాయి. కోయల పెళ్లిళ్లు, చావులు, వేల్పులు, భయాలు, పండగలు అన్నీ గమనించి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్యాసాలుగా రాశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల గురించి వెలువరించిన సంపుటాల్లో కోయల అధ్యాయానికి ఆ రాతలే పెద్ద ఆధారం. 19వ శతాబ్ది చివరికి లూకా సువార్త కోయ భాషలోకి వచ్చింది. అయినా కోయల్లో మార్పు చాలా నెమ్మదిగా సాగింది. అయితే, చెప్పబోయే ముందు ఆ ఇంటి దేవుళ్లెవరో, ఆ ఇల్లు దేనికి భయపడుతుందో తెలుసుకున్న బోధకుడిగా కెయిన్ ఒక దారి వేశారు. నూట నలభై ఏళ్ల తర్వాత చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో పనిచేస్తున్న చాలామంది పాస్టర్లకు ఆ ఓపిక లేదు. కోయ మాట పట్టుబడిన వాళ్లు ఇంకా తక్కువ.

అదే కాలంలో కోస్తాలో కథ మరో రకంగా నడిచింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవున, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన జాగ్రత్త. ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గదే. కానీ ఆ ఏడాది ముగిసేలోపు సంఖ్య తొమ్మిది వేలు దాటింది, వాళ్లంతా వందలాది పల్లెల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. ఒక దొర, కొద్దిమంది బోధకులు, ఇంత జనం. అప్పుడు ఆదుకున్నది ఊళ్లోని పెద్దమనుషులే. మాదిగల్లో తొలి విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగ సంప్రదాయంలో గురువు దగ్గర కూర్చున్నవాడు. పగలు తోలుపని, రాత్రి గురువు చుట్టూ చేరి వినడం ఆయనకు కొత్త కాదు. ఆ అలవాటు క్రైస్తవంలోకీ వచ్చింది. 1872లో రామాయపట్నంలో పెట్టిన వేదాంత పాఠశాల పల్లె బోధకులను తయారుచేసింది. బయటి నుంచి తెచ్చిన ఏ పద్ధతి కన్నా ఈ గురుశిష్య అలవాటే ముందు పనికొచ్చిందని చెప్పొచ్చు. తత్వాలు పాడే వాళ్ల చుట్టూ చేరి రాత్రి పొద్దుపోయేదాకా వినడం తెలుగు పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు.

ఈ సమీక్షలో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు డోర్నకల్. 1909లో అక్కడికి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి ప్రాంతం వాడు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆ ఏడాది డోర్నకల్ అధ్యక్ష మండలంలో 56,681 మంది ఆంగ్లికన్ క్రైస్తవులుండగా 1941 నాటికి 2,25,080 మంది అయ్యారు. సంఖ్య ఇలా పెరిగితే మామూలుగా లోతు తగ్గాలి. అజరయ్య ఆ భయాన్ని దాచుకోలేదు, దానికి తగ్గ ఏర్పాటూ చేశాడు. 1935 నాటికి ఆయన దగ్గర 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు.

ఆ ఉపాధ్యాయుడే ఈ ఏర్పాటుకు మూలస్తంభం. మాలపల్లెలోనో మాదిగ గూడెంలోనో కాపురముండేవాడు. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చి, పొయ్యి ఆరాక, రాత్రి పెద్దలను కూర్చోబెట్టి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు వల్లె వేయించేవాడు. చదువు రానివాళ్లకు పాటే పుస్తకం. బైబిలు కథలు పాటగా, కోలాటంగా నేర్పేవారు. ఏ ఇంట్లో అప్పు పెరిగింది, ఎవరు తాగి పెళ్లాన్ని కొట్టారు, ఎవరు మళ్లీ పోచమ్మకు మొక్కారు అన్నవి అతనికి అడక్కుండానే తెలిసేవి. బిషప్ ఎడ్లబండి మీద వచ్చినప్పుడు ఆ సంగతులన్నీ చర్చకు వచ్చేవి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను తరిమేయాలని అజరయ్య మళ్లీ మళ్లీ చెప్పేవాడు. ఆత్మీయత అంటే కళ్లు మూసుకుని చేసేది మాత్రమేనని ఆయన అనుకోలేదు.

కొత్త విశ్వాసిని వినేవాడిగా కూర్చోబెట్టి వదిలేయకూడదన్నది ఆయన రెండో పట్టుదల. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదన్న పౌలు మాటను పలికించేవాడు. నిన్న తడిసిన తల మీదే ఆ చెయ్యి. ఊళ్లో ఎవరూ మనిషిగా చూడని కూలివాడి చేత, నువ్వూ ఒకరికి చెప్పగలవాడివని అందరి ముందూ అనిపించడం చిన్న సంగతి కాదు. ఏటా ఒక వారం సాక్ష్య వారంగా పెట్టి, చదువులేని ఆడవాళ్లను కూడా పక్క ఊళ్లకు పంపేవారు. ఒకరికి చెప్పబోయేసరికి తనకు తెలియనిదేమిటో మనిషికి తెలిసొస్తుంది.

మూడోది ఇవ్వడం నేర్పడం. పేదవాళ్లు కదా, పుచ్చుకోవడమే వాళ్ల వంతు అన్న ఆలోచనను అజరయ్య ఒప్పుకోలేదు. ధాన్యం, కోడి, గుమ్మడికాయ, వంట వేళ తీసి పక్కనపెట్టిన గుప్పెడు బియ్యం, ఏదైనా సరే కానుకే. కోతల పండగలో ఊరేగింపుగా వచ్చి ఇవి అర్పించేవారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ గుడి, మసీదు పోకడలు రెండూ కలిపి కట్టిన కట్టడం. విశ్వాసి తన ఊరి నేల మీద నిలబడే ఎదగాలన్న ఆలోచన ఆ గోడల్లోనూ ఉంది.

ఈ ఏర్పాటులో లోపం లేదా? ఉంది. పల్లె ఉపాధ్యాయుడు జీతగాడు, ఆ జీతంలో కొంత భాగం సముద్రం అవతలి నుంచి వచ్చేది. డబ్బు తగ్గిన చోట రాత్రి బడి ఆగింది. పైగా ఉపాధ్యాయుడు ఉన్నంతకాలం సంఘంలో మిగతావాళ్లు బాధ్యత ఎత్తుకోవడం నేర్చుకోలేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక పాస్టరేట్లు పెద్దవయ్యాయి. ఒక్కో గురువుకు పదుల ఊళ్లు. ఆరాధన జరిగింది గానీ పొయ్యి ఆరాక కూర్చోబెట్టే మనిషి కరువయ్యాడు.

ఇదంతా నిజంగా ఫలితమిచ్చిందా అని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక ఉద్యమాల అధ్యయనం తెలుగు ప్రాంతాలనూ కలుపుకొని చేసింది. అందులో ముఖ్యమైన సంగతి ఒకటి తేలింది: మనిషి ఏ కారణంతో క్రైస్తవుడయ్యాడన్నదాని కంటే, అయ్యాక అతనికి అందిన బోధన, ఆరాధన, కాపుదల ఎలాంటివన్నదే అతని భవిష్యత్తును తేల్చింది. రోగం తగ్గిందని వచ్చినవాడూ నిలబడ్డాడు, సత్యం వెతుక్కుంటూ వచ్చినవాడూ చల్లారిపోయాడు. ఉద్దేశాల మీద ఇవాళ్టికీ నడుస్తున్న వాదోపవాదాల్లో రెండు పక్షాలవారూ ఈ సంగతి పట్టించుకోరు.

1968లో వెలువడ్డ పి.వై. లూక్, జాన్ కార్మన్‌ల పుస్తకం మరింత నిష్ఠురంగా ఉంటుంది. మెదక్ ప్రాంతంలో జంగరాయి చుట్టుపక్కల పల్లె క్రైస్తవుల జీవితాన్ని వాళ్లు దగ్గర నుంచి చూశారు. ఆదివారం గుడికి వచ్చేవాళ్లే ఊరి దేవత పండక్కి తమ వంతు ఇస్తున్నారు, మశూచికి భయపడితే పాత మొక్కులు తీరుస్తున్నారు. గురువులకు ఇది తెలియక కాదు, తెలిసీ ఊరుకున్నారు. రెండు తరాల తర్వాత కూడా పండగ, చావు, రోగం అనే మూడు చోట్ల కొత్త విశ్వాసం పాత ఇంటితో రాజీపడుతూనే ఉందని ఆ పుస్తకం చూపింది. మందలించడమా, కళ్లు మూసుకోవడమా అన్నవే సంఘానికి తెలిసిన రెండు దారులయ్యాయి. కూర్చుని మాట్లాడే మూడో దారి పట్టినవాళ్లు తక్కువ.

మిగతా సంఘాల పద్ధతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కథోలికులకు 1988లో ఖమ్మం మేత్రాసనం ఏర్పడింది. రెండో వాటికన్ సభ తర్వాత 1972లో రోము పెద్దల కోసం పాత దశలవారీ ఉపదేశ క్రమాన్ని పునరుద్ధరించింది. ఉపదేశి ఊళ్లో ఉంటాడు, జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి పక్కన నిలబడతారు. ఏర్పాటు చక్కటిదే. తీరా చూస్తే జ్ఞానతల్లి తర్వాత ఎన్నిసార్లు ఆ గడప తొక్కిందన్నది ఊరూరికీ మారుతుంది. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు ప్రారంభించిన బైబిలు మిషను దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని నేర్పింది. పుస్తకం చదవలేనివాళ్లకు ఇది తలుపు తెరిచింది. భక్త సింగ్ స్థాపించిన సహవాసాలు హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా, రోజుల తరబడి కలిసి తిని, కలిసి పడుకుని, కలిసి ప్రార్థించే పరిశుద్ధ సమాజ కూడికలతో కొత్తవాళ్లను పెంచాయి. ఆ కూడికల్లో వంట చేసినచోటే చాలామంది అసలు సహవాసం నేర్చుకున్నారు.

ఇవాళ భద్రాచలం చుట్టూ ఉన్న అడవి పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి స్వతంత్ర సంఘాలు. రేకుల షెడ్డు, ఒక మైకు, పాస్టరయ్య, పాస్టరమ్మ. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింసకు తాళలేక సరిహద్దు దాటి వచ్చిన గొత్తికోయల గూడేలు ఈ పక్క అడవుల్లో వెలిశాయి. వాళ్లలోనూ విశ్వాసులున్నారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలవడంతో చింతూరు, కూనవరం సంఘాలు ఒక రాష్ట్రంలో, దుమ్ముగూడెం, చర్ల సంఘాలు మరో రాష్ట్రంలో పడ్డాయి. వాటి సమస్యలు మాత్రం ఒక్కటే.

మొదటి సమస్య మాట. 2011 జనగణనలో కోయను మాతృభాషగా చెప్పినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. గూడెంలో మగవాళ్లకు సంత తెలుగు వస్తుంది, ముసలివాళ్లకూ ఆడవాళ్లకూ అది అంతంత మాత్రం. ప్రసంగం తెలుగులో, చదివే బైబిలు పాత గ్రాంథికంలో. తెలంగాణలో గిరిజనుల అక్షరాస్యత 2011లో యాభై శాతం లోపే. కాబట్టి పది పాఠాల పుస్తకం చేతికిచ్చి నింపి తెమ్మనడం వట్టి లాంఛనం. దీనికంటే పనికొస్తున్నది సెల్‌ఫోను. మెమొరీ కార్డులో ఎక్కించిన వాక్యం, రేల పాట బాణీలో కట్టిన పాట, ఒక కథ చెప్పి అదే కథ మళ్లీ చెప్పించుకోవడం. నాలుగు వారాలకు ఒక ముసలమ్మ ఆ కథను మనవరాలికి కోయలో చెప్పగలిగితే ఏ పరీక్షా అక్కర్లేదు.

రెండోది కాలం. జనవరి నుంచి మార్చి దాకా మిర్చి. తర్వాత ఇప్పపువ్వు, ఆపైన మేలో తునికాకు. తొలకరికి ముందు భూమి పండగ, విత్తనాలు. వానాకాలంలో వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు రోజుల తరబడి ఊళ్లు తెగిపోయాయి. పట్నంలో తయారైన శిక్షణ ప్రణాళికలకు ఈ కాలచక్రం తెలియదు. పన్నెండు వారాలు వరుసగా శుక్రవారం రమ్మంటే మూడో వారానికి మనుషులుండరు. మిర్చి తోటల దగ్గర పరదా గుడిసెల్లో రాత్రిళ్లు చిన్న గుంపులుగా కూర్చునే సంఘాలు, వాన రోజుల్లో ఇంటింటి ప్రార్థన పెట్టుకునే సంఘాలు ఈ లెక్క అర్థం చేసుకున్నాయి. ఒక పంటకాలం మొత్తం, విత్తనం నుంచి విత్తనం దాకా, ఒక కుటుంబం పక్కన మరో కుటుంబం నిలబడితే పండగ, పెళ్లి, అప్పు, జ్వరం, కోత అన్నీ ఆ ఏడాదిలోనే ఎదురవుతాయి. పుస్తకంలో ఇంతకు మించిన పాఠాలు లేవు.

జ్వరం సంగతి విడిగా చెప్పాలి. ఇక్కడ చాలామంది ప్రార్థనతో రోగం తగ్గిందన్న సాక్ష్యంతోనే సంఘానికి వస్తారు. మలేరియా మళ్లీ వస్తుంది. అప్పుడు ‘నీకు విశ్వాసం చాలలేదు’ అని చెప్పే పాస్టరు ఆ మనిషిని రెండు విధాలా చంపుతాడు. ప్రార్థన చేసి, ఆ వెంటనే ఆశా కార్యకర్తను పిలిచి రక్తపరీక్ష చేయించి, అవసరమైతే ఆటో మాట్లాడి భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో రాత్రంతా బెంచీ మీద కూర్చునేవాడు అజరయ్య చెప్పిన రెండో దయ్యంతో పోరాడుతున్నట్టే. వడ్డె దగ్గరికి పోవద్దని చెప్పడానికి అతనికి హక్కు వస్తుంది. మరొకరికి ఆ హక్కు రాదు.

ఈ పనిలో సగానికి పైగా మోసేది ఆడవాళ్లు. మిషన్ల కాలంలో ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీల స్థానంలో ఇప్పుడు పాస్టరమ్మ, అమ్మగారు ఉన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, వాళ్లలో చాలామందికి ఇంట్లో తోడు లేదు. మొగుడు తాగి వస్తాడు, అత్త మొక్కు తీర్చమంటుంది. “వందనాలు అమ్మగారూ” అంటూ షెడ్డు వెనక చాప మీద కూర్చుని చెప్పుకునే మాటల్లోనే అసలు బోధన జరుగుతుంది. అయినా సంఘాల శిక్షణ తరగతులకు పిలుపు అయ్యగారికే వస్తుంది. మగ పాస్టరు ఒంటరిగా ఆడవాళ్లకు బోధించకూడదన్న కట్టుబాటు కూడా రాతపూర్వకంగా ఉండాలి. పెద్ద వయసు విశ్వాసురాలు పక్కన ఉండటం మర్యాదకే కాదు, రక్షణకూ అవసరం.

ఏది విడవాలి, ఏది ఉంచుకోవాలి అన్నచోట సంఘానికీ సంఘానికీ పొత్తు కుదరదు. కొందరు నగలు తీయమంటారు, కొందరు బొట్టు తుడవమంటారు, కొందరు డోలు, రేల పాట కూడా వద్దంటారు. భూమి పండక్కి ఊరంతా వేసుకునే చందా ఇవ్వకపోతే గూడెంలో పటేలు, పూజారి ఊరుకోరు. ఇస్తే పాస్టరు ఊరుకోడు. విగ్రహానికి పెట్టే భాగం వేరు, ఊరి చెరువుకూ దారికీ పెట్టే భాగం వేరు అని కూర్చుని తేల్చుకున్న చోట్ల గొడవ తగ్గింది. గాజులు పగలగొట్టించడం నుంచి మొదలుపెట్టిన బోధన మాత్రం సాధారణంగా అక్కడే ఆగిపోతుంది.

చట్టం కూడా ఇందులో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. గిరిజనుడి ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. అందువల్ల మైదానపు దళిత విశ్వాసి కాగితాల్లో ఒకటి, ఆదివారం ఒకటిగా బతకడం నేర్చుకుంటాడు. నిజాయితీ గురించి ఎంత చెప్పినా అతని చెవుల్లో ఈ రెండు పేర్ల మాట మోగుతూనే ఉంటుంది. సరిహద్దు అవతల బస్తర్‌లో చావు దగ్గరే గొడవ: ఊరి నేలలో క్రైస్తవుణ్ణి పాతిపెట్టనివ్వని తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు చెప్పి, చివరకు దూరంగా ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయమన్నారు. కొత్త విశ్వాసికి మొదటి ఏడాదిలోనే ఊరివాళ్లతో ఎలా మెలగాలో నేర్పడం, పొరుగువాడి చావుకు వెళ్లడం, కట్టెలు మోయడం, ఇవన్నీ ప్రార్థన నేర్పడమంత అవసరమని ఇక్కడి అనుభవజ్ఞులైన పాస్టర్లు చెబుతారు.

లోపలి ప్రమాదాలు తక్కువేం కాదు. నేర్పేవాడు యజమానిగా మారడం అన్నిటికన్నా పెద్దది. నా విశ్వాసులు, నా గొర్రెలు అంటూ పక్క సంఘానికి పోనివ్వకపోవడం, పెళ్లి సంబంధాలు తానే తేల్చడం, వాక్యం కంటే ముందు దశమభాగం నేర్పడం చూస్తూనే ఉన్నాం. రెండోది లెక్కల పిచ్చి. ఈ నెల ఎన్ని బాప్తిస్మాలని అడిగే దాతలు, పోయిన ఏడాది పొందినవాళ్లు ఎక్కడున్నారని అడగరు. అడిగితే చాలా రిపోర్టులు తలకిందులవుతాయి. 1878 నాటి క్లౌకు కరువులో బాప్తిస్మాలు ఆపే ధైర్యం ఉండింది. ఇప్పటి నాయకుల్లో అలా ఒక్క ఏడాదైనా ఆగి, ఉన్నవాళ్లను చూసుకుందామనే వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఇంకో వింత ఉంది. డోర్నకల్, ఖమ్మం, ఇల్లందు చుట్టుపక్కల నాలుగో తరం, ఐదో తరం క్రైస్తవ కుటుంబాలున్నాయి. తాతముత్తాతలు రాత్రి బడిలో నేర్చుకున్న పాటలు వాళ్లకు నోటికి వచ్చు. ఉద్యోగాలు చేసి రిటైరైన టీచర్లు, సింగరేణి కార్మికులు, నర్సులు వాళ్లలో ఎందరో. చర్ల అడవుల్లో మొదటి తరం విశ్వాసులకు అలాంటి పెద్దల అవసరం ఉంది. కానీ ఒకరు సీఎస్ఐ, మరొకరు పెంతెకోస్తు. ఒకరిది మాల, మాదిగ పల్లె, మరొకరిది కోయ గూడెం. ఒకరి ఇంటికి ఒకరు పోరు. డోర్నకల్ జంక్షన్ నుంచి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా రైలు మార్గం ఉంది, అక్కడి నుంచి పాల్వంచ, భద్రాచలం మీదుగా చర్లకు బస్సులు నడుస్తాయి. రిటైరైన ఒక పంతులమ్మ వానాకాలం నాలుగు నెలలు దుమ్ముగూడెంలో గది తీసుకుని ఉంటానంటే ఏ సంఘమైనా కాదంటుందా? ముందు ఆమెను ఎవరైనా అడగాలి, ఆ గది అద్దె ఎవరి ఖాతాలో వేయాలో రెండు సంఘాలూ కూర్చుని తేల్చుకోవాలి.